లోగో చూసి ఆట ఎవరి కోసమో చెప్పొచ్చా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ప్రశ్నలన్నీ ఒకే విషయం మీద తీసుకున్నాం. వీడియో గేమ్ స్టూడియోల లోగోలు ఎవరిని దృష్టిలో పెట్టుకుని గీస్తారు అన్నది. డిజైన్ చదివేవాళ్లు, రాత్రంతా ఆడేవాళ్లు, పిల్లల చేతిలో ఫోన్ చూసి కంగారుపడే తల్లిదండ్రులు, అందరూ రాశారు. ఒకే రకం ప్రశ్నలు కలిపేశాం. కొన్నిటికి జవాబు పొడుగైంది, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోయాయి.

ప్రశ్న: నేను గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుంటున్నాను. పిల్లల ఆటలు చేసే స్టూడియోకి రంగురంగుల గుండ్రటి లోగో, పెద్దల ఆటలు చేసే స్టూడియోకి నలుపు, ఎరుపు రంగుల్లో మొనదేలిన అక్షరాలు అని మా క్లాసులో చెప్పారు. నిజంగా అంత తేలికా?

సగం నిజమే. గుండ్రటి అక్షరాలు, వెచ్చటి రంగులు చూస్తే సరదాగా, భయం లేకుండా అనిపిస్తుంది, మొనలున్న ఆకారం చూస్తే మనసు కాస్త అప్రమత్తమవుతుంది, అందులో వాదన లేదు. కానీ ఆ సూత్రం పట్టుకుని అసలు లోగోల దగ్గరికి వెళితే రెండో అడుగులోనే తడబడతారు.

నింటెండోనే తీసుకోండి. 1889లో క్యోటోలో పూలబొమ్మల పేకముక్కలు చేస్తూ మొదలైన సంస్థ. పిల్లల ఆటలంటే చాలామందికి ముందు గుర్తొచ్చే పేరు అదే, కానీ దాని లోగోలో పిల్లలకు నచ్చే బొమ్మ ఒక్కటీ లేదు. కంపెనీ పేరు, చుట్టూ కోలగా ఒక గీత, అంతే. ఎందుకంటారు? నా ఉద్దేశంలో, ఆడేది పిల్లలైనా డబ్బు ఇచ్చేది అమ్మానాన్నలు కాబట్టి. పెట్టె మీద మారియో పిల్లవాడితో మాట్లాడుతుంటే, మూలనున్న ఆ లోగో పెద్దవాళ్లతో ‘ఇది మా సరుకు, నమ్మొచ్చు’ అంటుంది. 2006లో వీ అనే కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడే యంత్రం, తెచ్చినప్పుడు వాళ్లు అసలు ఆటలే ఆడని వాళ్లను, అమ్మమ్మలను, తాతయ్యలను కూడా పిలవాలనుకున్నారు. ఆ రోజుల్లోనే ఎర్రటి లోగో బూడిద రంగుకు మారింది. వీ పేరు రాసిన తీరులో చివర ఉన్న రెండు చిన్న అక్షరాలు పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు మనుషుల్లా ఉంటాయి, ఒక్కడే కూర్చుని ఆడేది కాదు, ఇంట్లో వాళ్లందరితో ఆడేది అని చెప్పడం కోసం. తర్వాత స్విచ్ అనే కన్సోల్ వచ్చేసరికి మళ్లీ ఎరుపు వచ్చేసింది. స్విచ్ లోగోలో రెండు సగాలూ చూడటానికి సమానంగా ఉంటాయి గానీ నిజానికి ఒకే కొలతలో ఉండవు. ఒకటి గీతతో గీసింది, ఇంకోటి నిండుగా రంగు నింపింది కాబట్టి, కంటికి సమానంగా అనిపించాలని కొలత కొంచెం తేడాగా పెట్టారు. డిజైన్ నేర్చుకుంటున్నవాళ్లు స్కేలు పెట్టి చూడాల్సిన లోగో అది.

ఇప్పుడు అటుపక్కనున్న సెగాను చూడండి. 1990ల మొదట్లో నింటెండో చేయలేనిది మేం చేస్తామంటూ అమెరికాలో సూటిగా ప్రకటనలిచ్చిన కంపెనీ. వాళ్ల గురి కాస్త పెద్ద పిల్లలు, టీనేజర్లు. 1991లో వచ్చిన వాళ్ల ఆట హీరో సోనిక్ ఒంటి రంగు నీలం అవడానికి సెగా లోగో నీలమే కారణం, అంటే లోగో రంగే హీరోకి ఒంటి రంగయింది. ఆట పెట్టగానే బృందగానంలా ‘సేగా’ అని వినిపిస్తుంది చూడండి, ఆ రెండు క్షణాల శబ్దానికి, ఆట నిల్వ ఉండే చిన్న డబ్బా, అంటే కార్ట్రిడ్జ్‌లోని చోటులో ఎనిమిదో వంతు పోయింది. ఆ కాలంలో ఒక్కో చిన్న బొమ్మకీ చోటు లెక్కపెట్టుకునేవాళ్లు. అలాంటిది ఎనిమిదో వంతు తీసుకెళ్లి కంపెనీ పేరు పాడించడానికి పెట్టారంటే, అది ఏ పిల్లవాడి గుండెల్లో నాటుకోవాలనుకున్నారో అర్థం చేసుకోండి.

ఇక్కడే మీ క్లాసులో చెప్పని సంగతి ఒకటుంది. పదేళ్ల పిల్లవాడికి పదేళ్ల పిల్లవాడిలా కనబడటం ఇష్టం ఉండదు, వాడికి పద్నాలుగేళ్ల అన్నయ్యలా ఉండాలని ఉంటుంది. పద్నాలుగేళ్ల వాడి చూపు ఇరవై మీద ఉంటుంది. అందుకని మంచి లోగో ఆడేవాడి వయసును గీయదు, వాడు ఏమవ్వాలనుకుంటున్నాడో దాన్ని గీస్తుంది. సోనీ ఈ పని చాలా బాగా చేసింది. 1994లో వచ్చిన ప్లేస్టేషన్ లోగోను మనాబు సకమోటో గీశారు, ‘పి’ నిటారుగా నిలబడి ఉంటుంది, ‘ఎస్’ దాని నీడలా నేల మీద పరుచుకుని ఉంటుంది, రెండూ కలిసి లోతున్న త్రీడీ బొమ్మలా కనబడతాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం అన్నీ వాడారు, సూత్రం ప్రకారం అది పిల్లల రంగుల పెట్టే. కానీ ఆ లోగోను బ్రిటన్‌లో కుర్రకారు డ్యాన్స్ చేసే నైట్‌క్లబ్బుల దాకా తీసుకెళ్లారు, 1995లో వైపవుట్ అనే రేసింగ్ ఆటకు బొమ్మలు, అందులోని జట్ల లోగోలు సంగీతం రికార్డుల అట్టలు చేసే డిజైనర్స్ రిపబ్లిక్ అనే సంస్థ చేత గీయించారు. దాంతో అవే రంగులు ఇరవై ఏళ్ల వాళ్ల రంగులైపోయాయి. కాబట్టి రంగు ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి, ఆ లోగోను ఎక్కడ అతికించారో కూడా చూడండి.

చివరగా, ఒకే స్టూడియో తన ఆటగాళ్లతో పాటు ఎదిగితే ఏమవుతుందో చూడాలంటే నాటీ డాగ్ లోగోల్ని వరసగా పెట్టుకోండి. 1996లో క్రాష్ బ్యాండికూట్ అనే ఆట చేసిన రోజుల్లో లోగోలో కార్టూన్ కుక్క ఉండేది. 2013లో ద లాస్ట్ ఆఫ్ అస్ చేసే నాటికి కుక్క వెళ్లిపోయింది, దాని పాదముద్ర ఒక్కటే మిగిలింది. ఒక తండ్రి దుఃఖంతో మొదలయ్యే ఆటకు ముందు కార్టూన్ కుక్క వస్తే ఎంత ఎబ్బెట్టుగా ఉండేదో ఊహించండి. అలాగని పాత పేరు వదులుకోలేదు, ఎందుకంటే చిన్నప్పుడు క్రాష్ ఆడినవాళ్లే పెద్దయ్యాక ఇది కొన్నారు, వాళ్లకు ఆ పాదం గుర్తు చాలు. నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు ఇదే.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. వాడు అడిగే ఆటల్లో ముద్దుముద్దు బొమ్మలున్న లోగో ఉంటే సరే అంటున్నాను, పుర్రెలు, తుపాకులు ఉంటే వద్దంటున్నాను. ఇలా చూసుకుంటే చాలా?

చాలదమ్మా. పుర్రెలున్నవి వద్దనడం వరకు బాగానే ఉంది, ముద్దుగా ఉంటే సరే అనడం దగ్గరే ప్రమాదం. 2017లో వచ్చిన డోకీ డోకీ లిటరేచర్ క్లబ్ అనే ఆట ఉంది. గులాబీ రంగు, చుక్కల డిజైను, నవ్వుతున్న నలుగురు అమ్మాయిలు. లోపల ఆత్మహత్య, మనిషిని వణికించే భయం ఉంటాయి. పిల్లలకు తగదని ఆట మొదట్లోనే వాళ్లు రాసి పెట్టారు, అది వాళ్ల నిజాయితీ, కానీ పైపైన బొమ్మ చూసి ఫోన్ ఇచ్చేస్తే ఆ హెచ్చరిక మీ కంటపడదు. మెత్తటి బొమ్మలను భయపెట్టే రాక్షసులుగా చూపించే ఆటలు ఈమధ్య చాలా వచ్చాయి, వాటి బొమ్మలు పిల్లల పెన్సిల్ డబ్బాల మీద కూడా కనబడుతున్నాయి.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా చెబుతాను. పసుపు మీద నల్లటి ‘ఆర్’, పక్కన నక్షత్రం ఉన్న రాక్‌స్టార్ లోగో చూస్తే గ్రాండ్ థెఫ్ట్ ఆటో గుర్తొచ్చి మీరు వెంటనే వద్దంటారు, అది సబబే. కానీ అదే లోగోతో 2006లో వాళ్లు టేబుల్ టెన్నిస్ ఆట చేశారు, ఇద్దరు మనుషులు, ఒక బల్ల, ఒక బంతి, ఎవరైనా ఆడుకోవచ్చు. లోగో ఆ కంపెనీ స్వభావం చెబుతుంది గానీ ఈ ఒక్క ఆటలో ఏముందో చెప్పలేదు.

మీరు చూడాల్సింది లోగో కాదు, వయసు గుర్తు. యూరప్ పద్ధతిలో పెగీ అంటారు, 3, 7, 12, 16, 18 అని అంకెలుంటాయి, మొదటి రెండూ ఆకుపచ్చ, తర్వాతి రెండూ నారింజ, 18 ఎరుపు. అమెరికా పద్ధతి 1994లో మొదలైంది, అక్కడ అక్షరాలు వాడతారు. అందరూ ఆడదగ్గదానికి ‘ఈ’, టీనేజర్లకు ‘టీ’, 17 దాటినవాళ్లకు ‘ఎం’. ఫోన్ స్టోర్‌లో కూడా ఆట పేరు దగ్గరే 3+, 12+ అని చిన్నగా ఉంటుంది. దాని మీద నొక్కితే హింస ఉందా, బూతులున్నాయా, లోపల డబ్బుతో కొనే వస్తువులున్నాయా అని కారణాలు కూడా కనబడతాయి. ఆ చివరిది తప్పకుండా చూడండి, చాలా ఇళ్లలో గొడవ రక్తం దగ్గర రాదు, కార్డు బిల్లు దగ్గర వస్తుంది. ఇంకో మాట, ఆ గుర్తు ఆటలోని సరుకు గురించే చెబుతుంది. ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లు మీ బాబుతో ఏం మాట్లాడతారో దానికి తెలియదు, అందుకని చాట్ సెట్టింగులు మీరే ఒకసారి కూర్చుని చూసుకోవాలి.

ప్రశ్న: ఒకే కంపెనీకి రెండు మూడు లోగోలు ఎందుకు? ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆటల్లో క్రికెట్, ఫుట్‌బాల్‌కి ఒక లోగో, మిగతావాటికి ఇంకో లోగో కనబడుతుంది.

మంచి కంపెనీని పట్టుకున్నారు. 1982లో ట్రిప్ హాకిన్స్ పెట్టినప్పుడు దాని లోగో ఒక చదరం, ఒక వృత్తం, ఒక త్రిభుజం. అడ్డగీతలతో గీసిన ఆ మూడు ఆకారాల్లో అక్షరాలేమిటో చదవలేక చాలామంది తికమకపడేవాళ్లు. ఆ రోజుల్లో వాళ్ల వాదనంతా ఆట చేసేవాడు కూడా కళాకారుడే అని, అందుకే ఆటల్ని పాటల రికార్డుల్లా అందమైన అట్టల్లో పెట్టి, చేసినవాళ్ల పేర్లు పైన వేసి అమ్మారు. కంప్యూటర్ మనిషిని ఏడిపించగలదా అని అడుగుతూ ఒక ప్రకటన కూడా ఇచ్చారు. ఆ లోగో చదువుకున్న, కంప్యూటర్ అంటే మోజున్న కొద్దిమందితో మాట్లాడేది.

ఆటల పోటీలు చూసేవాడికి ఈ గొడవంతా ఎందుకు? అతనికి కావాల్సింది టీవీలో మ్యాచ్ చూస్తున్న అనుభూతి. అందుకని 1990ల మొదట్లో స్పోర్ట్స్ ఆటల్ని ఒక టీవీ చానల్‌లా చూపించారు, పేరు కూడా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్పోర్ట్స్ నెట్‌వర్క్ అని, పొడి అక్షరాల్లో ఈఏఎస్ఎన్ అని పెట్టారు. ఈఎస్‌పీఎన్ చానల్ అభ్యంతరం చెప్పింది, దాంతో ఈఏ స్పోర్ట్స్ అయింది. అంటే ఆ లోగో పుట్టుకే ఒక స్పోర్ట్స్ చానల్ ప్రేక్షకుడి కోసం.

అదే ఆలోచన ఇప్పటికీ నడుస్తోంది. ఫిఫా పేరు వదులుకున్నాక 2023లో తమ ఫుట్‌బాల్ ఆట ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీకి తెచ్చిన లోగో ఒక త్రిభుజం. ఆ ఆట ఆడినవాడికి చెప్పక్కర్లేదు, మన చేతిలో ఉన్న ఆటగాడి తల మీద తేలుతూ ఉండే గుర్తు అదే. ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నవాడు చూడగానే ‘ఇది నాది’ అనుకుంటాడు, బయటివాడికి ఏదో ఆకారం, అంతే. ముప్పై ఏళ్లు వాడిన పేరు పోయినప్పుడు కొత్తవాళ్లకు వివరించడం కన్నా పాతవాళ్లను పట్టి ఉంచడం ముఖ్యం అనుకున్నారు, అది తెలివైన పని అని నా అభిప్రాయం.

ప్రశ్న: ఈమధ్య అన్ని లోగోలూ రంగులు పోగొట్టుకుని నలుపు తెలుపుగా, చప్పగా అయిపోతున్నాయి. ఎందుకు?

మీ బాధ నాకూ ఉంది. ఉబిసాఫ్ట్ అనే ఆటల కంపెనీకి 1990లలో హరివిల్లు ఉండేది, 2003లో మెరిసే నీలి సుడి వచ్చింది, 2017లో ఆ సుడి కూడా మెరుపు పోయి ఒకే రంగు గీతగా మారింది. ప్లేస్టేషన్ గుర్తు ఇప్పుడు ఎక్కువ చోట్ల ఒకే రంగులో కనబడుతోంది.

ఒక కారణం పూర్తిగా పనికి సంబంధించింది. అదే లోగో పెద్ద టీవీలో, ఫోన్‌లో, వాచీలో, బ్రౌజర్ ట్యాబ్ మీద 16 పిక్సెళ్ల చదరంలో కనబడాలి. చీకటి తెర మీదా తెల్ల తెర మీదా నిలవాలి. మెరుపులు, నీడలు అంత చిన్నగా చేస్తే మరకలా అవుతాయి. ఇంకో కారణం ఎవరితో మాట్లాడుతున్నారు అన్నది. పిల్లలు ఎక్కువగా ఆడే ఆన్‌లైన్ ఆటల వేదిక రోబ్లాక్స్ దీనికి చక్కటి ఉదాహరణ. మొదట్లో ఆటబొమ్మల పెట్టె మీద ఉన్నట్టు ఎగుడుదిగుడు అక్షరాలు. 2017లో సరళమైన అక్షరాలు, మధ్యలో ఒరిగిన చదరం. 2022లో ఎరుపు కూడా పోయి ముదురు రంగు మిగిలింది. 2023లో 17 ఏళ్లు దాటినవాళ్లకు మాత్రమే అని కొన్ని ఆటలు తెరిచారు. వరసగా చూస్తే కంపెనీ ఎటు నడుస్తోందో లోగోయే చెబుతోంది, చిన్నప్పుడు చేరినవాడు పెద్దయ్యాక ‘ఇది పిల్లలది’ అని వదిలిపోకూడదు. పైగా షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ లోగోను పెట్టుబడి పెట్టేవాళ్లు కూడా చూస్తారు, వాళ్లకు తమాషా అక్షరాల కన్నా నిలకడగా కనబడే గుర్తే నచ్చుతుంది.

ఇందులో పోయేదేమిటంటే, పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో గుర్తుపట్టలేకపోవడం. మైన్‌క్రాఫ్ట్ లోగో చూడండి, రాతి అక్షరాల్లో ‘ఏ’ అనే అక్షరం మధ్యలో ఆ ఆటలోని క్రీపర్ అనే రాక్షసుడి మొహం దాగి ఉంటుంది, తెలిసినవాడికి కనబడుతుంది, తెలియనివాడికి బీటలు వారిన రాయి. అలాంటి చిలిపితనం ఒక్కటి కూడా లేకుండా అంతా చదును చేసేయడం నాకు నచ్చదు.

ప్రశ్న: ఫోన్ ఆటల ఐకాన్లలో ఎప్పుడూ ఒక మొహం నోరు తెరిచి అరుస్తూ ఉంటుంది. స్టూడియో లోగో ఎక్కడా కనబడదు. ఇదేం పద్ధతి?

ఫోన్‌లో స్టూడియోకీ ఆటకీ పని పంచేశారు. స్టోర్‌లో మీ వేలు పైకి జరుగుతూ ఉంటుంది, ఒక్కో ఐకాన్‌కి దొరికేది అర క్షణం. గోరంత చదరంలో కంపెనీ పేరు రాస్తే ఎవరూ చదవరు. కానీ మనిషి మొహాన్ని, అందులోనూ కళ్లు పెద్దవి చేసి అరుస్తున్న మొహాన్ని కన్ను వదిలిపెట్టదు. 2012లో క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఐకాన్‌లో పసుపు మీసాల వీరుడు అరుస్తూ కనబడ్డాడు, అది బ్రహ్మాండంగా ఆడింది, ఆ తర్వాత ఎందరో అదే దారి పట్టారు.

ఆ ఆట చేసిన సూపర్‌సెల్ లోగో ఎప్పుడైనా చూశారా? హెల్సింకీలో 2010లో పెట్టిన కంపెనీ. పేరులోని తొమ్మిది ఇంగ్లిష్ అక్షరాలను వరసకు మూడు చొప్పున మూడు వరసల్లో పేర్చారు. రంగు లేదు, బొమ్మ లేదు, అరుపు అసలే లేదు. ఆట తెరిచినప్పుడు ఒక్క క్షణం నల్లటి తెర మీద వచ్చి పోతుంది. ఐకాన్ దారినపోయే అందరినీ పిలుస్తుంది, లోగో మాత్రం ఆ కంపెనీలో ఉద్యోగం చేయాలనుకునేవాడితో, ఆ కంపెనీని కొనాలనుకునేవాడితో, ‘మేం పద్ధతిగా పనిచేసేవాళ్లం’ అని చెబుతుంది. మీరు అరుపు విని లోపలికి వెళ్లారు, మిగతావాళ్లు ఆ మౌనం చూసి వచ్చారు.

ప్రశ్న: ఆట మొదలయ్యే ముందు వరసగా నాలుగైదు లోగోలు వస్తాయి, దాటేయనివ్వవు. అవి మాకోసమేనా?

చాలావరకు మీకోసం కాదు. ఆటను అమ్మే కంపెనీ, చేసిన స్టూడియో, ఆటను నడిపించే ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్, శబ్దానికో వీడియోకో వాడిన సాఫ్ట్‌వేర్, ఎవరి లోగో ఎంతసేపు కనబడాలో ఒప్పందాల్లో రాసుకుంటారు. యూనిటీ ఇంజిన్ ఉచితంగా వాడేవాళ్లు ఆ ఇంజిన్ లోగో చూపించి తీరాలని నియమం ఉండేది, 2024లో వచ్చిన యూనిటీ 6 నుంచి అది తప్పనిసరి కాదు. ఆ లోగోలు తిరుగుతున్నంతసేపూ వెనకాల ఆట లోడ్ అవుతుంటుంది కూడా.

ఆడేవాడి కోసం కాని లోగోల్లో నాకు బాగా ఇష్టమైన కథ గేమ్‌బాయ్‌ది. 1989 నాటి, చేత్తో పట్టుకుని ఆడే నింటెండో యంత్రం. స్విచ్ వేయగానే నింటెండో పేరు తెర పైనుంచి మెల్లగా కిందికి దిగి మధ్యలో ఆగుతుంది. చూసేవాడికి అదొక అలంకారం. లోపల జరిగేది వేరు. ఆ బొమ్మ తాలూకు 48 బైట్లు ప్రతి కార్ట్రిడ్జ్‌లోనూ ఉండాలి, యంత్రం వాటిని తన దగ్గరున్న నకలుతో పోల్చి చూస్తుంది, ఒక్క చుక్క తేడా ఉన్నా ఆట మొదలవదు. కార్ట్రిడ్జ్ మొనలకు దుమ్ము పడితే పేరు ముక్కలు ముక్కలుగా దిగి అక్కడే నిలిచిపోయేది ఇందుకే. అనుమతి లేకుండా ఆట చేసి అమ్మాలనుకునేవాడు ఆ లోగో పెట్టక తప్పదు, పెడితే ట్రేడ్‌మార్క్ దొంగిలించాడని కేసు వేయొచ్చు. అలా ఆ లోగో చదవాల్సింది ఆడే పిల్లవాడు కాదు, ఎక్కడో కూర్చుని నకిలీ ఆట చేస్తున్న వ్యాపారి. సెగా కూడా ఇలాంటి ఉపాయమే పన్నింది గానీ, అకొలేడ్ అనే కంపెనీతో నడిచిన కేసులో 1992లో అమెరికా అప్పీలు కోర్టు సెగాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది.

ప్రశ్న: అమ్మాయిల కోసం చేసే లోగో అంటే గులాబీ రంగు వేయాల్సిందేనా?

అక్కర్లేదు. 1996లో బ్రెండా లారెల్ పర్పుల్ మూన్ అని అమ్మాయిల కోసమే ఒక కంపెనీ పెట్టారు, పేరులోనే ఊదారంగు చందమామ ఉంది. అమ్మాయిలు ఎలా ఆడతారో, ఏం ఇష్టపడతారో పరిశోధన చేసి మరీ దిగారు, అయినా 1999కల్లా నిలవలేక బొమ్మల కంపెనీ మాటెల్ చేతికి వెళ్లిపోయింది. మరుసటి ఏడే, 2000లో, ద సిమ్స్ వచ్చింది. దాని గుర్తు మనుషుల తల మీద తేలే ఆకుపచ్చ స్ఫటికం. గులాబీ లేదు, చందమామ లేదు, ‘ఇది మీకు’ అని ఎవరికీ చెప్పలేదు. అమ్మాయిలు గుంపులుగా ఆడారు, అబ్బాయిలూ ఆడారు. ఎవరినైనా పిలవడానికి వాళ్లను మిగతావాళ్ల నుంచి విడదీయాల్సిన పని లేదు.

ప్రశ్న: పిక్సెల్ చుక్కలతో లోగో చేస్తే పిల్లలకు నచ్చుతుందా?

నచ్చొచ్చు, కానీ దాన్ని చూసి కరిగిపోయేది 1980లు, 90లలో పిల్లలుగా ఉన్నవాళ్లు. ఇప్పుడు వాళ్ల వయసు లెక్క వేసుకోండి.

ప్రశ్న: అన్నా, నేనూ నా ఫ్రెండూ కలిసి చిన్న స్టూడియో పెట్టాం. మొదటి ఆట పజిల్ గేమ్, చెట్లు నాటుతూ ఆడేది. లోగోకి గర్జిస్తున్న సింహం, చుట్టూ మంటలు, కింద లోహపు అక్షరాలు అనుకున్నాం. కసిగా ఉంటుందని. ఏమంటావు?

తమ్ముడూ, ముందు మీ ఇద్దరికీ అభినందనలు. ఇప్పుడు సూటిగా చెబుతాను, ఆ సింహం మీ ఆటది కాదు. అది మీరు ఆడే ఆటల మీదున్న ప్రేమ. మీ ఆట ఆడబోయేవాడు రోజంతా పని చేసి, రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు నెమ్మదిగా చెట్లు నాటుకోవాలనుకునేవాడు. అతను ఫోన్ తెరవగానే మంటల్లో సింహం గర్జిస్తే తప్పు ఆట తెరిచాననుకుంటాడు. ఎదుటివాడికి గట్టిగా కనబడాలనే తపన కొత్తవాళ్లందరికీ ఉంటుంది, సిగ్గుపడాల్సిన పని లేదు. ఇప్పుడు ఎపిక్ గేమ్స్ అంటున్న కంపెనీ 1992లో ఎపిక్ మెగాగేమ్స్ అని పేరు పెట్టుకుంది, పెద్ద కంపెనీలా అనిపించడానికే ఆ ‘మెగా’ తగిలించానని ఆ కంపెనీ పెట్టిన టిమ్ స్వీనీ తర్వాత చెప్పారు. నిజంగా పెద్దవాళ్లయ్యాక, 1999లో తీసేశారు.

అలాగని ఆకు బొమ్మ, మొలక బొమ్మ కూడా వేయకండి. ఇది మీ మొదటి ఆట మాత్రమే, రెండోది చెట్ల మీద ఉంటుందని గ్యారంటీ ఏమిటి? స్టూడియో లోగో ఆటల కన్నా ఎక్కువ కాలం బతకాలి. ఆటకు ఐకాన్ వేరే చేసుకోండి, అందులో చెట్టు, ఆకు, మీ ఇష్టం. వాల్వ్ కంపెనీ లోగో ఒకసారి చూడు. బట్టతల మనిషి, తల వెనక భాగంలో ఒక పైపు కవాటం బిగించి ఉంటుంది, ఇంకో బొమ్మలో కంట్లో. తుపాకీ లేదు, సైన్స్ ల్యాబ్ లేదు, గ్రహాంతరవాసి లేడు. 1998లో హాఫ్-లైఫ్ ముందు వచ్చినప్పుడు ఎలా ఉందో, తర్వాత పోర్టల్ లాంటి పజిల్ ఆట ముందూ అంతే సరిపోయింది. ఎందుకంటే అది ఏ ఆట గురించీ చెప్పదు, ‘కాస్త వింతగా ఆలోచించడం ఇష్టమైతే రా’ అని మాత్రం చెబుతుంది. మీరిద్దరూ ఎలాంటివాళ్లతో ఆడించాలనుకుంటున్నారో, మూడు ఆటల తర్వాత కూడా మారని సంగతి ఏదో ముందు మాట్లాడుకోండి, బొమ్మ ఆ తర్వాత.

పని మొదలుపెట్టేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకో. రంగు లేకుండా నలుపులో మొదలుపెట్టు, నలుపులో నిలవని ఆకారాన్ని రంగు కాపాడదు. స్టోర్‌కి పంపే ఐకాన్ పెద్దదే, గూగుల్ ప్లేకి 512 పిక్సెళ్లు, యాపిల్‌కి 1024 అడుగుతారు, కానీ నువ్వు చూసుకోవాల్సింది దాన్ని గోరంత చేసినప్పుడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా మీదే లోగో ఆధారపడకూడదు, ఆ రెండూ వేరుగా కనబడని మగవాళ్లు మీరనుకునేదానికన్నా ఎక్కువమందే ఉన్నారు. ఫాంట్ డౌన్‌లోడ్ చేస్తే వ్యాపారానికి వాడుకునే అనుమతి ఉందో లేదో చదువు, అది చదవకుండా వాడి ఆట విడుదలయ్యాక మార్చుకున్నవాళ్లు ఉన్నారు. అదే పేరు, అలాంటి గుర్తు ఇంకెవరైనా ట్రేడ్‌మార్క్ చేసుకున్నారేమో వెతుకు.

తర్వాత గీసిన మూడు నాలుగు రకాల్నీ ఏమీ చెప్పకుండా ఆటలు ఆడే కొందరికి చూపించు. బాగుందా అని అడగకు, మొహమాటానికి బాగుందనే అంటారు. ‘ఈ కంపెనీ ఎలాంటి ఆటలు చేస్తుందనుకుంటున్నావు?’ అని అడిగి ఊరుకో. కార్ల రేసు అన్నారంటే మళ్లీ గీయాలి. ఆ సింహం బొమ్మను కూడా ఆ వరసలో పెట్టు, మీ ఫ్రెండ్ నా మాట నమ్మకపోవచ్చు, వాళ్ల జవాబులు విన్నాక మీరిద్దరే తేల్చుకుంటారు.